కట్టు బిగించిన మధ్యాహ్నం

నా రెండు కాళ్లూ ఇరవై రెండు రోజులు ఒకదానికొకటి కుట్టేసి ఉన్నాయి. ఈ మాట ఎవరితో చెప్పినా ముందు నవ్వుతారు, తర్వాత నా కాళ్ల వైపు చూస్తారు. బడిలో పిల్లలైతే ప్యాంటు పైకెత్తి చూపించమంటారు. చూపిస్తాను. కుడి కాలికి ముందు వైపు, చీలమండకు జానెడు పైన, అరచేయంత చర్మం వేరే రంగులో, కొంచెం ఉబ్బుగా ఉంటుంది. దాని మీద వెంట్రుకలు మొలిచిన దిక్కు కూడా వేరు. అది ఒకప్పుడు నా ఎడమ పిక్క మీద ఉండేది.

నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. పుట్టింది కడప జిల్లాలో ఒక నేతగాళ్ల వీధిలో. అక్కడ ఇప్పటికీ చాలా ఇళ్లలో గుంట మగ్గాలున్నాయి. గుంటలోకి కాళ్లు దించి, నేల మట్టానికి కూర్చుని నేస్తారు. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దవాడైన మా అన్న ఆ గుంటలోనే ఉన్నాడు, నేను బయటపడ్డాను. బయటపడ్డానని నాకు కాస్త పొగరు కూడా ఉండేది, దాచుకోవడం దేనికి.

కాలు నలిగింది బడి నుంచి ఇంటికి వస్తున్నప్పుడు. నా బండి ముందు కడప బండల లోడుతో ఒక ట్రాక్టరు పోతోంది. స్పీడు బ్రేకరు దగ్గర అది ఆగింది, పైనున్న బండ ఒకటి జారింది. తప్పు ట్రాక్టరు వాడిది అనను. బండల ట్రాక్టరు వెనకాల పది బారల దూరంలో ఉండాలని మా జిల్లాలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. నాకు తొందర. ఇంటికి పోయి చేయాల్సిన రాచకార్యం ఏదీ లేదు, అయినా తొందరే.

కర్నూలులో ఒక ఆసుపత్రిలో చేరాను. ఎముకకు రాడ్డు వేశారు. ఎముక సంగతి ఫరవాలేదన్నారు, దాని మీద కప్పే తోలూ కండా లేకపోవడమే కష్టమన్నారు. కట్టు మార్చినప్పుడల్లా నా ఎముక నాకే తెల్లగా కనిపించేది. మనిషి తన ఎముకను తాను చూసుకోకూడదు. చూసిన రోజు నుంచి నాకు అన్నం సరిగా దిగలేదు.

అప్పుడు వచ్చింది ప్లాస్టిక్ సర్జరీ మేడమ్. నలభై దాటిన మనిషి, ఆదోని వైపు ఆడబిడ్డ, మాటలో ఆ యాస దాచుకునేది కాదు. ఎక్స్‌రే కవరు వెనక పెన్నుతో ఒక కాలు బొమ్మ గీసి నా పొట్ట మీద పెట్టింది. మంచం పక్కన నిలబడ్డ మా అన్న కూడా వంగి చూశాడు.

"చూడండి సార్. మోకాలి వెనక నుంచి ఒక పెద్ద రక్తనాళం దిగుతాది. దిగి మూడవుతాది. ఒకటి రెండెముకల సందులోంచి ముందుకొచ్చి పాదం మీదికి పోతాది. ఇంకొకటి వెనకనే, లోపలి పక్కగా దిగి చీలమండ వెనక కొట్టుకుంటా ఉంటాది. మూడోది బయటి పక్క సన్నెముకను పట్టుకోని పోతాది. మీకు ముందుది బండ కింద నలిగిపోయింది. మూడోది సగంలోనే మూసుకోనుండాది. మీ పాదం బతుకుతాండేది ఈ ఒక్కదాని మీద."

మా అన్న ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. "కె.సి. కాలువకు మూడు పాయలుండి రెండు పూడిపోయినట్లనా మేడమ్?"

"అట్లే పెద్దాయనా. మామూలుగా అయితే తొడ నుంచో వీపు నుంచో కండ తెచ్చి, దాని నాళాన్ని కాలి నాళానికి సన్న దారంతో కుడతాం. ఈయనకు ఉండేది ఒక్క కాలువ. దానికి ఇంకో తూము పెట్టి, ఆ పని చెడిపోయిందనుకోండి, కింద ఆయకట్టంతా ఎండిపోతాది. ఆ ధైర్యం నేను చేయలేను."

మరి ఏం చేస్తారంటే, ఎడమ పిక్క లోపలి వైపు నుంచి చర్మాన్ని మూడు పక్కలా కోసి ఎత్తుతారు. నాలుగో పక్క ఎడమ కాలికే అంటి ఉంటుంది. ఎత్తిన పొరను తెచ్చి కుడి కాలి గాయం మీద పరిచి కుడతారు. ఎడమ కాలి రక్తంతో ఆ పొర బతుకుతూ, మూడు వారాల్లో కుడి కాలి నుంచి సన్న నాళాలు లాక్కుంటుంది. అప్పుడు మధ్య వంతెన కోసేస్తారు. అంతవరకు రెండు కాళ్లూ కలిపి పిండికట్టు.

"ఇది పట్టుకోకపోతే?" అని అడిగాను.

"మోకాలి కింద తీసేయాల్సొస్తాది సార్," అంది. అబద్ధం చెప్పని మనిషి అని అప్పుడే అర్థమైంది, దానివల్ల నాకు ఊరట ఏమీ కలగలేదు.

మా అన్న గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, నా కాలిది తీసుకోండి. గుంటలో ఉండే కాలు. ఎండ కూడా తగల్లేదు, చర్మం బాగుంటాది."

"ఇంకొకరిది ఒంటికి ఒప్పదప్పా," అని ఆమె నవ్వింది. నేను నవ్వలేదు. మనవాడి తెలివి చూడు అని విసుక్కున్నాను. నాకోసం కాలి తోలు వలిచిస్తానన్నవాడి మీద నాకు వచ్చింది విసుగు. అలాంటివాణ్ని నేను.

ఆపరేషన్‌కు ముందు రోజు ఆమె చిన్న పెన్నులాంటి యంత్రం తెచ్చి నా ఎడమ పిక్కకు జిగురు రాసి ఆనించింది. కాసేపు గరగర. చీలమండ నుంచి ఇన్ని వేళ్లు అని కొలుచుకుంటూ పైకి జరిపింది. ఒకచోట 'శ్శు, శ్శు' అని చప్పుడు మొదలైంది. లోపలి పెద్ద నాళం నుంచి కండల సందులోంచి చర్మం మీదికి వచ్చే చిన్న పిల్లనాళం అది. అక్కడ ఊదా రంగు చుక్క పెట్టింది. అలాంటివి మూడు దొరికాయి. పుస్తకంలో వీటికి లెక్క ఉంటుందట, కానీ ఒకరికి ఉన్నచోట ఇంకొకరికి ఉండవట, అందుకే ప్రతి కాలినీ కొత్తగా వినాలట. నలభై ఆరేళ్లు ఆ కాళ్ల మీద నడిచి, లోపల ఆ చప్పుడు ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

"మేం మగ్గం మీది పాత పడుగు కోయకుండానే దాని కొసలకు కొత్త పడుగు పోగులు అతుకుతాం మేడమ్," అన్నాడు మా అన్న. "అన్నీ అతికినంక ముందుకు లాక్కుంటాం. ఇదీ అంతేనా?"

ఆమె పెన్ను పట్టుకుని అలాగే ఆగింది. "మీ అన్నకు అర్థమైనంత మా పిల్ల డాక్టర్లకు కాల్యా సార్," అంది.

ఆ మాటకు మా అన్న ముఖం వెలిగింది. ఆ రోజంతా వార్డులో కనిపించిన వాళ్లందరికీ ఆ మాట చెప్పుకున్నాడు.

ఆపరేషన్ తర్వాత మెలకువ వచ్చేసరికి నేను వెల్లకిలా ఉన్నాను. రెండు మోకాళ్లూ వంచి, ఎడమ కాలు కుడి కాలి మీదికి వేసి, తొడల దాకా పిండికట్టు. రెండు కట్ల మధ్య ఒక కర్ర పెట్టి దాన్ని కూడా పిండితో కప్పేశారు. పొర కనిపించేలా అరచేయంత కిటికీ ఒకటి వదిలారు. పక్కకు తిరగడానికి లేదు. లేచి కూర్చోవడానికి లేదు. కాలు చాపడానికి లేదు. అడకత్తెరలో పోకచెక్క అని పిల్లలకు ఎన్నిసార్లు పాఠం చెప్పానో, ఆ పోకచెక్క ఏమనుకుంటుందో ఎప్పుడూ ఆలోచించలేదు.

మొదటి మూడు రోజులు నొప్పి ఉంది కాబట్టి ఫరవాలేదు. నొప్పి తగ్గాక అసలు సంగతి మొదలైంది. వీపు మండేది. పిండికట్టు లోపల, వేలు చొరని చోట, దురద పుట్టేది. కుడి కాలి మీద పరిచిన పొర మీద ఈగ వాలితే అది ఎడమ పిక్క మీద వాలినట్టు తెలిసేది. కింద బెడ్‌పాన్ పెట్టాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు నడుం ఎత్తాలి, ఒకరు కాళ్లు రెండూ కలిపి, కదలకుండా, పసిబిడ్డను పట్టినట్టు పట్టాలి. కాళ్లు పట్టేది మా అన్న. పని అయ్యాక నేను పైకప్పు వైపు చూస్తూ ఉండేవాణ్ని, ఆయన వార్డు కిటికీ వైపు చూస్తూ ఏదో ఒక మాట మాట్లాడేవాడు. "ఈ కర్నూల్లో ఎండ శానా ఎక్కువబ్బీ, మన పక్క ఇంతుండదు." మన పక్కా అంతే ఎండ. నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

నా భార్య ఆదివారాలు వచ్చేది. పాప ఇంటర్ పరీక్షలు, ఆమె ఉద్యోగం, మధ్యలో బస్సు ప్రయాణం. మిగతా రోజులన్నీ అన్నే. మగ్గం ఆపేసి వచ్చాడు. మంచం కింద చాప, తల కింద తువ్వాలు.

మేడమ్ ఆయనకు ఒక పని నేర్పింది. రెండు గంటలకొకసారి కట్టులోని ఆ కిటికీలోంచి పొరను వేలితో మెల్లగా నొక్కి వదలాలి. నొక్కిన చోట తెల్లబడి, ఒకటి, రెండు అనేలోగా మళ్లీ ఎర్రబడితే మంచిది. తెల్లగానే ఉంటే రక్తం రావడం లేదు. నొక్కకముందే నీలంగా ఉండి, వేలు తీసిన వెంటనే నీలమే తిరిగొస్తే రక్తం వస్తోంది గానీ వెనక్కి పోవడం లేదు.

"తెచ్చే నాళం గోడ గట్టిగా ఉంటాది. కాస్త ఒత్తినా పని చేస్తాది. తీసకపోయేది మెత్తటిది పెద్దాయనా, కొంచెం బిగుసుకున్యా మూసుకుంటాది. అందుకే వంతెన దగ్గర ఎప్పుడూ వదులుగానే ఉండల్ల. కట్టు మీద చెయ్యి పెట్టొద్దు. ఏమన్నా ఉంటే నాకు ఫోన్ చేయించండి."

ఈ మాటలు ఆమె మా ఇద్దరికీ చెప్పింది. నేను కూడా విన్నాను. నా చెవులకు దెబ్బ తగల్లేదు.

పదకొండో రోజు మధ్యాహ్నం. కరెంటు పోయింది. వార్డులో పక్క మంచాల వాళ్లు తిని నిద్రపోతున్నారు. కాళ్ల వాపు తగ్గింది కాబట్టి పిండికట్టు లోపల సందు ఏర్పడింది. నేను ఊపిరి పీల్చినప్పుడల్లా ఎడమ కాలు కట్టు లోపల వేలెడు మేర జారి, మళ్లీ వెనక్కి వస్తున్నట్టు అనిపించింది. జారినప్పుడల్లా కుట్ల దగ్గర చిన్న లాగుడు. అది చినిగిపోతుందని నాకు భయం పట్టుకుంది. భయం అంటే మామూలు భయం కాదు. కట్టుతో సహా లేచి పరుగెత్తాలనిపించింది. పరుగెత్తడానికి కాళ్లే లేవు. లేవలేనివాడికి భయం వేస్తే ఆ భయం కూడా అతనితో పాటే మంచానికి కట్టుబడి ఉంటుంది, ఎటూ పోదు.

నర్సును పిలిపించాను. ఆమె చూసి, మేడమ్ ఆపరేషన్‌లో ఉన్నారు, సాయంత్రం రౌండుకు వస్తారు, కదలకుండా పడుకోండి అంది. కదలకుండా పడుకోమని నాతో చెప్పిందా మహాతల్లి.

"అన్నా, కట్టు వదులైంది. బిగించు," అన్నాను.

"మేడమ్ చెయ్యి పెట్టొద్దన్నింది కదబ్బీ. సాయంత్రం దాంక ఉండు."

"సాయంత్రానికి ఇది ఊడి నీ చేతిలో పడుతుంది."

"నేను ముట్టను. నాకేం తెల్సు ఇది?"

అప్పుడు నేను ఆ మాటన్నాను. ఎక్కడ పొడవాలో తెలిసినవాడి మాట అది. "నీ మగ్గం మీద పడుగు ఇట్లా వదులై వేలాడుతుంటే చూస్తూ కూర్చుంటావా? ఊళ్లోవాళ్లవైతే వీధంతా తిరిగి సరిచేస్తావు. నా కాలికొచ్చేసరికి ఏం తెలుసు అంటావు."

మా వీధిలో వదులు పడుగును చూసి ఊరుకునేవాడు లేడు. దారి వెంట పోతున్నవాడైనా ఆగి, ఏమప్పా అది అట్ల వదిలినావు అని లోపలికొచ్చి ఒక చెయ్యి వేసి పోతాడు. వదులు అంటే బట్ట చెడిపోవడం. చిన్నప్పటి నుంచి ఆ చేతులు నేర్చుకున్న మొదటి సంగతి అది. నాకు అది తెలుసు. ఎందుకంటే ఆ ఇంట్లోనే నేనూ పుట్టాను.

ఆయన తల కింద పెట్టుకునే తువ్వాలు తీసి, మడిచి, కట్టుకూ కాలికీ మధ్య సందులో దూర్చాడు. మిగిలిన కొసను రెండు కాళ్ల చుట్టూ తిప్పి లాగి ముడేశాడు. నేతగాడి ముడి అది, లాగేకొద్దీ బిగుస్తుంది గానీ వదలదు.

"చాలునా?"

"ఇంకొంచెం లాగు."

లాగాడు. కాలు కదలడం ఆగిపోయింది. పదకొండు రోజుల్లో మొదటిసారి నా ఒళ్లు వదులైంది. హాయిగా నిద్రపోయాను.

లేచేసరికి ఎండ ఇంకా వార్డు కిటికీ మీదే ఉంది. మా అన్న నా కాళ్ల దగ్గర వంగి ఉన్నాడు. ఒకసారి నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఆయన పెదవులు ఒకటి, రెండు అనడం లేదు.

"రంగు బాగల్యాబ్బీ," అన్నాడు.

తల ఎత్తి చూశాను. పొర కొస నేరేడు పండు రంగులో ఉంది.

నర్సు పరుగెత్తింది. మేడమ్ ఆపరేషన్ గౌను విప్పకుండానే వచ్చింది. కత్తెరతో తువ్వాలును ముడి దగ్గర కాకుండా మధ్యలో కోసింది. రెండు కుట్లు తీసేసింది. సూదితో కొసను గుచ్చింది. నల్లటి రక్తం బొట్లు బొట్లుగా కారింది. ఎంతసేపు కారిందో నాకు తెలియదు. కొంచెం కొంచెంగా నలుపు పోయి ఎరుపు రావడం ఆమె ముఖంలో చూశాను, నా కాలి వైపు చూసే ధైర్యం లేదు.

అప్పుడు ఆమె నిటారుగా నిలబడింది. "ఎవరు కట్టింది ఇది?"

వార్డంతా లేచి కూర్చుంది.

"నేనే మేడమ్," అన్నాడు మా అన్న.

"చెప్పినాను కదప్పా మీకు! ఒకటికి రెండుసార్లు చెప్పినాను! మీకు అర్థమైంది అనుకున్యానే నేను! ఇంకో గంటయింటే మీ తమ్ముని కాలు మీ చేత్తో మీరే తీసేసినట్లు. ఎవరడిగినారు మిమ్మల్ని బిగించమని?"

ఆయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను చెప్పేవాణ్నేమో. అది కూడా ఇప్పుడు అనుకుంటున్న మాటే. ఆయన నేల వైపు చూస్తూ, "వదులుగా కనపడింది మేడమ్, చెయ్యి ఊరుకోల్యా," అన్నాడు.

నేను నోరు తెరవలేదు. ఎందుకో చెబుతాను, ఎవరైనా నమ్మినా నమ్మకపోయినా. నా కాలు ఆమె చేతిలో ఉంది. ఆమెకు నా మీద కోపం వస్తే, ఈ మూర్ఖుడికి చెప్పినా ఒకటే చెప్పకపోయినా ఒకటే అనుకుంటే, రేపు నా కాలి దగ్గర నిలబడేటప్పుడు ఆమె చెయ్యి ఒక్క పిసరు తేలికవుతుందేమోనని భయం. ఆమె అలాంటి మనిషి కాదు. నాకు తెలుసు. అయినా భయమే. అన్న మీద కోపం వచ్చినా నా కాలికి నష్టం లేదు. పిరికివాడు ఇంత లెక్క ఇంత త్వరగా వేయగలడని నాకు ఆ రోజు తెలిసింది.

"ఈయన ఇంక ఈ మంచం దగ్గర ఉండకూడదు. ఇంట్లో ఇంకెవరైనా ఉంటే పిలిపించండి," అని ఆమె నర్సుతో చెప్పింది. మా అన్న చాప చుట్టుకున్నాడు. కోసిన తువ్వాలు రెండు ముక్కలూ ఏరుకుని సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మరునాడు నా భార్య సెలవు పెట్టి వచ్చింది. నేను ఆమెకు కూడా చెప్పలేదు. "మీ అన్నకు ఏమైంది అసలు, చదువు లేకపోయినా తెలివి ఉండాల గదా," అని ఆమె అంటే, "ఏదో పొరపాటు, పోనీ," అన్నాను. క్షమించేసిన పెద్దమనిషి లాగా అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఉమ్మేయాలనిపిస్తుంది.

మిగిలిన పదకొండు రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. కాళ్లు కట్టి ఉన్నాయి కాబట్టి ఎక్కడికీ పోలేను. ఎదురుగా పైకప్పు. మేడమ్ పొద్దునా సాయంత్రం రౌండుకు వచ్చేది. వచ్చినప్పుడల్లా ఇవాళ చెబుదాం అనుకునేవాణ్ని. ఆమె పొర వైపు వంగినప్పుడు, ముందు చూడనీ అనుకునేవాణ్ని. చూసి వెళ్లిపోయాక, రేపు. కొసన రెండు వేళ్ల వెడల్పు నల్లబడి చచ్చిపోయింది. మిగతాది నిలిచింది. చచ్చిన చోట తర్వాత తొడ నుంచి పల్చటి చర్మం తీసి అతికారు.

మా అన్న ఊరికి పోలేదని నాలుగు రోజుల తర్వాత తెలిసింది. నా భార్య కింద టీ తీసుకురావడానికి పోయినప్పుడు గేటు పక్క అరుగు మీద కూర్చుని కనిపించాడట. "రంగు ఎట్లుండాది?" అని అడిగాడట. ఎర్రగానే ఉంది అని చెప్పిందట. "పైకి రాలేదేం?" అని ఆమె అడిగితే, "మేడమ్ వద్దన్నింది కదమ్మా," అన్నాడట. అంత తిట్టు తిన్న తర్వాత కూడా ఆ ఒక్క మాటకు కట్టుబడ్డాడు. రోజూ పొద్దునా సాయంత్రం ఆ ప్రశ్న అడిగి, జవాబు విని, మళ్లీ అరుగు మీద కూర్చునేవాడట.

చివరి నాలుగు రోజులు మేడమ్ పొరకు పరీక్ష పెట్టింది. వంతెనను రబ్బరు తొడిగిన పట్టుకారుతో బిగించి, ఎడమ కాలి నుంచి వచ్చే రక్తాన్ని ఆపేది. మొదట పది నిమిషాలు. తర్వాత అరగంట. తర్వాత రెండు గంటలు. ఎడమ కాలి దయ లేకుండా కుడి కాలి రక్తంతోనే పొర ఎర్రగా ఉంటుందా అని చూసేది. ఉంది. ఇరవై రెండో రోజు కోసి విడదీశారు. ఎడమ కాలు చాపమన్నారు. చాపలేకపోయాను, మోకాలు బిగుసుకుపోయి ఉంది. దాన్ని చేత్తో పట్టుకుని ఏడ్చాను. సంతోషంతో అనుకున్నారు వాళ్లు.

ఊరికి వచ్చాను. చేతికర్రలతో మొదలుపెట్టి, ఏడు నెలలకు ఒక్క కర్రతో నడిచే దాకా వచ్చాను. ఈ ఏడు నెలల్లో కథ మా నేతగాళ్ల వీధంతా తిరిగింది. ఆసుపత్రిలో పక్క మంచం వాళ్లు మా పక్క ఊరి వాళ్లు, ఇంకేం కావాలి. అన్న కట్టిన కట్టుకు తమ్ముడి కాలు పోబోయింది. డాక్టరమ్మ చూసింది కాబట్టి దక్కింది. నోట్లో నువ్వు గింజ నానని వీధి మాది. అన్న ఎవరికీ ఏమీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

నడవగలిగాక ఒక పొద్దున అన్న ఇంటికి పోయాను. పక్కింట్లో మగ్గం మీద కొత్త పడుగు అతుకుతున్నారు. వేలకొద్దీ పోగులు, ఒక్కొక్కటే చేత్తో మెలిపెట్టి అతకాలి. మా వీధిలో ఆ మొదటి పోగు అతకడానికి హస్తవాసి ఉన్నవాణ్ని పిలుస్తారు. ఇరవై ఏళ్లుగా ఆ పిలుపు మా అన్నది. ఏ ఇంట్లో కొత్త పడుగు ఎక్కినా స్నానం చేసి పోయి మొదటి పోగు అతికి వచ్చేవాడు. ఆ రోజు ఆయన తన గడపలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. పక్కింట్లో వేరే ఎవరో అతుకుతున్నారు.

"ఏం పెద్దమ్మా, మా అన్నను పిలవలేదే?" అన్నాను పక్కింటి ముసలామెతో.

ఆమె ఇబ్బంది పడింది. గొంతు తగ్గించినా మా అన్నకు వినపడేంత దగ్గరే. "పిలుద్దామనే అంటి నాయనా. మా కోడలు వద్దనె. సొంత తమ్మునికే అట్లయింది, ఆ చెయ్యి ఇప్పుడు బాగల్యా అంటాండాది. ఆర్నెల్లాయె, ఎవురూ పిలుచుకోల్యా మీ అన్నను."

నాకు ఇది తెలియదు. ఆరు నెలలుగా ఆయన మా ఇంటికి వస్తూ పోతూనే ఉన్నాడు, ఒక్క ముక్క చెప్పలేదు. నా నోటికి వచ్చేసింది. వీధిలో నిలబడి, పక్కింటి వాళ్లు, ఎదురింటి వాళ్లు, పడుగు అతుకుతున్న వాళ్లు అందరూ వినేలా చెప్పాను. కట్టు నేను బిగించమన్నాను. ఆయన వద్దన్నాడు. రెచ్చగొట్టి కట్టించింది నేను. ఇంకొంచెం లాగు అన్నది కూడా నేనే. డాక్టరమ్మ ఆయన్ని తిడుతుంటే నోరు మూసుకుని పడుకున్నది నేను. కేకలు పెట్టినట్టే చెప్పాను.

పక్కింటి ముసలామె నోటి మీద కొంగు పెట్టుకుంది. మా అన్న బీడీ నేలకు రాసి ఆర్పి, లేచి లోపలికి పోయాడు.

నేను వెనకాలే పోయాను. ఆయన సంతోషిస్తాడని కాకపోయినా, కనీసం నా భుజం మీద చెయ్యి వేస్తాడని అనుకున్నాను. ఆయన మగ్గం పక్కన నిలబడి ఉన్నాడు. ముఖం ఎర్రగా ఉంది. నా మీద ఆయన కోప్పడటం నా జీవితంలో నేను చూసింది ఆ ఒక్కసారే.

"ఇన్నాళ్లు మోసింది నేను. దించేటప్పుడు నన్నొక మాట అడగొద్దా?"

"నీ పేరు పోతుంటే ఎలా ఊరుకోనన్నా?"

"నా పేరు యాడికీ పోల్యా. నాకు తెల్సు, నీకు తెల్సు. ఇంగెవరికి తెలియల్ల? నేను తలకాయెత్తుకోని తిరగల్లని చెప్పినావా, నీ గుండెలో బరువు దిగల్లని చెప్పినావా? సరిగ్గా చెప్పు."

రెండూ అందామనుకున్నాను. ఆయన కళ్లలోకి చూస్తూ ఆ మొదటి సగం అనడానికి నోరు రాలేదు.

ఆయన చూపు నా కాళ్ల మీదికి దించాడు.

"కూచో," అన్నాడు. "అంతసేపు నిలబడితే కాలు వాస్తాది."